టర్బో స్వామికి ఏ నూనె దీపం?

శనీశ్వరుడికి నువ్వుల నూనె. ఆంజనేయస్వామికి సిందూరం, తమలపాకులు. ఏ దేవుడికి ఏది సమర్పించాలన్న దాంట్లో మనవాళ్లకి సందేహం లేదు. పూజారిగారు చెప్పింది తెస్తారు, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ మనుషులే అమెరికా వచ్చి, గుడి పార్కింగ్ లాట్‌లో నాలుగు నిమ్మకాయలు తొక్కించి, టర్బో ఇంజన్ ఉన్న కొత్త కారుని ఇంటికి తెచ్చుకున్న మర్నాటి నుంచీ, అందులో ఏ నూనె పొయ్యాలన్న ప్రశ్న మీద శైవ వైష్ణవ యుద్ధాలకి దిగుతారు.

ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఏ పిల్లాడి పుట్టినరోజుకో పదిమంది మగవాళ్లు చేరితే చాలు. గ్రీన్‌కార్డు వరస ఎంతవరకు కదిలిందో, ఇంటి లోను మీద వడ్డీ ఎంత పడుతోందో తేలిపోయాక, బిర్యానీకీ ఐస్‌క్రీముకీ మధ్య దొరికిన ఖాళీలో ఎవరో ఒకరు అంటారు: “అన్నట్టు అన్నా, నీ బండిలో ఆయిల్ ఏది?” ఇంక కేకు కోస్తున్నామని పిలిచినా ఎవరూ లేవరు. పొద్దంతా డేటాబేసులతో బతికేవాళ్లు, అంకె లేనిదే ఆఫీసు మీటింగులో నోరు విప్పనివాళ్లు, నూనె దగ్గరికి వచ్చేసరికి స్వానుభవం, గురువాక్యం, బావమరిది సాక్ష్యం, ఈ మూడు ప్రమాణాలతోనే నెట్టుకొస్తారు.

ఈ పరిషత్తు మీద నా ఫిర్యాదు ఒక్కటే. వాళ్లు గొంతులు చించుకుంటున్న ప్రశ్నకి జవాబు ఎప్పుడో అచ్చయిపోయింది. కారు మాన్యువల్‌లో ఒక చిక్కదనం అంకె, ఒక ప్రమాణం పేరు ఉంటాయి. నూనె సీసా వెనకవైపు అవే ఉంటే ఆ నూనె పనికొస్తుంది, లేకపోతే రాదు. సీసా ముందువైపు ఉన్నదాంట్లో ఎక్కువ భాగం స్తోత్రపాఠం. మనవాళ్లు స్తోత్రం కంఠతా పట్టారు, సీసా వెనక్కి తిప్పడం మాత్రం ఎవరూ నేర్చుకోలేదు.

శాఖల కొట్లాటలోకి వెళ్లేముందు స్వామివారి స్వరూపం కాస్త తెలుసుకోవడం మంచిది. ఇంజన్ బయటికి వదిలేసే పొగ తోసుకుంటూ పోయే దారిలో ఒక చిన్న చక్రం. అదే ఇరుసు రెండో చివర ఇంకో చక్రం. మొదటిది పొగకి తిరిగితే, రెండోది బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి కుక్కుతుంది. టర్బో అంటే ఇంతే. పెట్రోలు కారులో ఆ పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు, చిన్న టర్బోల్లో రెండు లక్షలకి పైన కూడా తిరుగుతుంది. ఆ ఇరుసుకీ చుట్టూ ఉన్న బేరింగ్‌కీ మధ్య ఉన్నదల్లా మైక్రాన్లలో కొలవాల్సిన నూనె పొర. తేల్చాల్సిందీ అదే, చల్లార్చాల్సిందీ అదే. హైవే మీద దూసుకొచ్చి ఇంజన్ టక్కున ఆపేస్తే, పొయ్యి కట్టేశాక కూడా ఇనప బాణలి అడుగున నూనె మాడినట్టు, బేరింగ్‌లో నిలిచిపోయిన నూనె మాడి మసి గడ్డలు కడుతుంది. 1980ల టర్బో కార్ల వాళ్లకి ఆపేముందు కాసేపు ఇంజన్‌ని ఉత్తినే తిరగనివ్వమని చెప్పింది ఇందుకే. ఇప్పటి టర్బోల చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. చాలా కార్లలో ఇంజన్ ఆగాక కూడా ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు దాన్ని తిప్పుతూనే ఉంటుంది.

రెండో గండం కొత్తది. టర్బోతో పాటు పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే చిన్న ఇంజన్లలో, తక్కువ చుట్ల మీద ఎక్కువ బరువు లాగుతున్నప్పుడు, స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టకముందే మిశ్రమం దానంతటదే అంటుకుంటుంది. లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు. గట్టిగా తగిలితే పిస్టన్ పగులుతుంది. తమాషా ఏమిటంటే, ఈ జబ్బుకి నూనె కూడా ఒక కారణం. ఇంజన్‌ని శుభ్రంగా ఉంచడానికి దశాబ్దాలుగా నూనెలో కలుపుతున్న కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే జబ్బు ముదురుతుంది, అందులో కొంత తీసి మెగ్నీషియం రకం కలిపితే తగ్గుతుంది. జనరల్ మోటార్స్ 2017లో తన డెక్సోస్1 ప్రమాణం రెండో తరంలో దీనికి పరీక్ష పెట్టింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, 2018 మే 1న ఎస్‌ఎన్ ప్లస్‌తో, 2020 మే 1న ఎస్‌పీతో అదే దారి పట్టింది. ఆ పరీక్ష చేసేది రెండు లీటర్ల ఫోర్డ్ ఎకోబూస్ట్ టర్బో ఇంజన్ మీదే. 2025 మార్చి 31 నుంచి వచ్చిన ఎస్‌క్యూ, దానికి జోడీ ప్రమాణమైన ఇల్‌శాక్ జీఎఫ్-7 ఇంకో మెట్టెక్కి, సీసాలోంచి తీసిన కొత్త నూనె నెగ్గితే చాలదు, వాడి ముసలిదైన నూనె కూడా నెగ్గాలన్నాయి.

టర్బో ఉన్న ప్రతి ఇంటికీ అవసరమైన సమాచారం ఎస్‌పీ, ఎస్‌క్యూ లాంటి ఈ రెండక్షరాల్లో ఉంది. అవి సీసా వెనక, గారె ఆకారంలో ఉన్న ఏపీఐ ముద్ర లోపల, చీమలు రాసినంత చిన్నగా ఉంటాయి. ముందువైపున మెరుపులు, రేసు కార్లు, ‘అల్ట్రా’, ‘ప్లాటినం’, ‘ఎక్స్‌ట్రీమ్’ వగైరా బిరుదులు. ఇక మనవాళ్లలో ఏ శాఖ ఏ బిరుదుకి పడిపోయిందో చూద్దాం.

మొదటిది బ్రాండ్ భక్తుల శాఖ. “మా ఇంట్లో మొబిల్ వన్ తప్ప ఇంకోటి గడప తొక్కదు” అనడంలో ఒక వంశ గౌరవం వినిపిస్తుంది. ఎందుకండీ అంటే, “అది అసలు సిసలు ఫుల్ సింథటిక్” అంటారు. ఆ అసలు సిసలు చరిత్ర భక్తులు వినదగ్గది. 1990ల చివర్లో క్యాస్ట్రోల్ కంపెనీ తన సింటెక్ నూనెలో, చిన్న అణువుల్ని పనిగట్టుకుని పేర్చి చేసే పీఏఓ అనే ఖరీదైన నూనె మానేసింది. ముడి చమురులోంచే తీసి హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసిన నూనె, అంటే ఏపీఐ లెక్కలో గ్రూప్ 3 రకం, వాడటం మొదలుపెట్టింది. సీసా మీద పేరు మాత్రం సింథటిక్ అనే ఉంచింది. ఇది అన్యాయమంటూ మొబిల్ వెళ్లి నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ ముందు పంచాయితీ పెట్టింది. అది కోర్టు కాదు, ప్రకటనల రంగం తన తగాదాలు తీర్చుకోవడానికి తానే వేసుకున్న రచ్చబండ. 1999లో ఆ రచ్చబండ క్యాస్ట్రోల్ వైపు మొగ్గింది. ఆనాటి నుంచి అమెరికాలో గ్రూప్ 3 కూడా సింథటిక్ కిందే చెల్లుతోంది. ఇవాళ షెల్ఫుల మీద ఫుల్ సింథటిక్ అని మెరిసే సీసాల్లో ఎక్కువ భాగం దాని చలవే. పెన్జాయిల్ ప్లాటినం అయితే 2014 నుంచి ఖతార్‌లోని పెర్ల్ ప్లాంట్‌లో సహజవాయువుని ద్రవంగా మార్చి తీసిన నూనెతో తయారవుతోంది.

దీనివల్ల నూనె చెడిపోయిందా? లేదు. మంచి గ్రూప్ 3 నూనెలు పరీక్షలన్నీ నెగ్గుతున్నాయి. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2017లో మామూలు నూనెల్నీ సింథటిక్ నూనెల్నీ పక్కపక్కన పరీక్షించి, సింథటిక్ సగటున దాదాపు 50 శాతం మెరుగ్గా నిలిచిందనీ, దానికయ్యే అదనపు ఖర్చు నెలకి 5 డాలర్ల చుట్టూ ఉంటుందనీ తేల్చింది. కాబట్టి టర్బోకి సింథటిక్ కావాలన్న మాటతో నాకు పేచీ లేదు. ‘ఫుల్ సింథటిక్’ అన్న ముద్ర ఏదో యోగ్యతాపత్రం అనుకోవడంతోనే పేచీ. ఆ మాట ఏ ఇంజన్ పరీక్షా నెగ్గి సంపాదించుకున్నది కాదు. ఏపీఐ ముద్ర వేసుకున్న కాస్ట్‌కో వారి కిర్క్‌లాండ్ నూనె చూపిస్తే ఈ భక్తుడు ముఖం చిట్లిస్తాడు. ఆయన బండి డిక్కీలో మటుకు కిర్క్‌లాండ్ బాదంపప్పు, కిర్క్‌లాండ్ తేనె, కిర్క్‌లాండ్ నీళ్లసీసాలు ఉంటాయి. కడుపులోకి పనికొచ్చిన బ్రాండు కార్బురేటర్ కూడా లేని కారుకి పనికిరాకుండా పోయింది.

రెండోది చిక్కదనవాదుల శాఖ. “టెక్సస్ ఎండలకి ఆ 0డబ్ల్యూ-20 నీళ్లయిపోతుంది తమ్ముడూ, టర్బో కదా, 40 పొయ్యి” అంటారు. ఇంట్లో సాంబారు చిక్కగా ఉంటేనే నచ్చే మనుషులకి ఈ వాదం సులువుగా ఎక్కుతుంది. కానీ డాలస్‌లో జూలై ఎండ నలభై డిగ్రీలయితే, ఇంజన్ లోపల వేడెక్కిన నూనె మిన్నెసోటా జనవరిలో కూడా వంద డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికే థర్మోస్టాట్ ఉంది. బయటి వాతావరణంతో పని ముందు అంకెకే. 0డబ్ల్యూ అంటే మైనస్ 35 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ని తిరగనిస్తుందని పరీక్షించి చెప్పిన మాట. వెనక అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచినది. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. అంటే 9.2 ఉన్న 20కీ 9.4 ఉన్న 30కీ మధ్య తేడా ఈ వాదంలో ఉన్న పసకన్నా పల్చన.

టర్బో ఉంటే చిక్కటిదే అన్న సూత్రం కూడా నిలవదు. ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ 5డబ్ల్యూ-30 అడుగుతుంది. హోండా సీఆర్‌వీలో 1.5 లీటర్ల టర్బో 0డబ్ల్యూ-20 అడుగుతుంది. రెండూ టర్బోలే. బేరింగ్ దగ్గర సందు ఎంత, నూనె పంపు ఎంత ఒత్తిడి పెడుతుంది, ఏ వేడిని తట్టుకునేట్టు కట్టారు అన్నది ఆ ఇంజన్ కట్టినవాడికి తెలుసు. పక్కింటి అన్నయ్యకి తెలియదు, ఆయనకి సాంబారు మాత్రమే తెలుసు.

ఈ శాఖకి 2025 ఏప్రిల్‌లో పెద్ద పండగొచ్చింది. జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 ఇంజన్లున్న సుబర్బన్, టాహో, యూకన్, ఎస్కలేడ్, సిల్వరాడో లాంటి బళ్లని అమెరికాలో దాదాపు 6 లక్షలు వెనక్కి పిలిచింది. పరీక్షలో పాసైన బళ్లకి చేసిన వైద్యం ఏమిటో తెలుసా? 0డబ్ల్యూ-20 తీసేసి 0డబ్ల్యూ-40 పోశారు, ఫిల్టరు మార్చారు, కొత్త చిక్కదనం రాసి ఉన్న మూత బిగించారు, మాన్యువల్‌లో ఒక కాగితం పెట్టి పంపారు. “చూశావా, నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నా!” అన్న కేక అట్లాంటా నుంచి సియాటిల్ దాకా వినబడింది. కాకపోతే ఆ ఇంజన్లకి టర్బో లేదు. ఆ గొడవకి మూలం క్రాంక్ షాఫ్టులూ కనెక్టింగ్ రాడ్లూ తయారీలోనే తప్పుగా రావడం. తప్పు తయారైన భాగానికి చిక్కటి నూనె ఒక దుప్పటి అయిందే తప్ప, సరిగ్గా తయారైన మీ సీఆర్‌వీకి అదొక ఉపదేశం కాలేదు.

మూడోది కర్మిష్ఠుల శాఖ. మూడు వేల మైళ్లకొకసారి నూనె మార్చకపోతే నీళ్లు ముట్టరు. విండ్‌షీల్డు మూల క్విక్ లూబ్ కుర్రాడు అంటించిన స్టిక్కరు వాళ్లకి పంచాంగం. ఆ అంకె వెనకటి నూనెలకీ వెనకటి ఇంజన్లకీ పనికొచ్చేది. దాన్ని వదిలించడానికి కాలిఫోర్నియా ప్రభుత్వంలోని కాల్‌రీసైకిల్ శాఖ ‘చెక్ యువర్ నంబర్’ అంటూ ప్రచారమే నడపాల్సి వచ్చింది. నీ కారుకి రాసిపెట్టిన నంబరేదో చూసుకో నాయనా, ఊరికే నూనె పారబొయ్యకు అని దాని సారాంశం. ఒక రాష్ట్ర ప్రభుత్వం ప్రజల డబ్బు ఖర్చు పెట్టి, ప్రజలకి మాన్యువల్ తెరవమని చెప్పాల్సొచ్చిందంటే ఆ స్టిక్కరు మహిమ ఎంతటిదో ఊహించుకోండి.

ఈ కర్మిష్ఠుల ఎదురుగా వేదాంతుల శాఖ ఉంది. “సింథటిక్ కదా, పదివేల మైళ్ల దాకా ముట్టుకోనక్కర్లేదు” అని కళ్లు మూసుకుంటారు. టయోటా 0డబ్ల్యూ-20 సింథటిక్‌తో చాలా కార్లకి పదివేల మైళ్లు లేదా ఏడాది అని రాసిన మాట నిజమే. ఆ పేజీ తిప్పితే ఇంకో పట్టిక ఉంటుంది, కఠినమైన వాడకానికి. అక్కడ ఐదు వేలే. కఠినం అంటే ఎడారిలో ట్రైలర్ లాగడం అని మనవాడి ఊహ. మాన్యువళ్లు చెప్పే కఠినంలో ఐదు మైళ్లు కూడా లేని చిన్న చిన్న ప్రయాణాలు, గడ్డకట్టే చలి, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ ఉంటాయి. పొద్దున పిల్లల్ని బస్‌స్టాప్‌లో దింపడం, సాయంత్రం కూమాన్ ట్యూషన్, అక్కణ్ణించి భరతనాట్యం క్లాసు, దారిలో ఇండియన్ స్టోరులో కరివేపాకు. అమ్మ తోలే బండి రోజూ పడే పాట్లు, హైవే మీద రెండొందల మైళ్లు హాయిగా పోయే ట్రక్కు పడదు. ఆ బండికి పదివేలు అని, నాన్న హైవే కారుకి మూడు వేలు అని నియమం పెట్టే ఇళ్లున్నాయి.

చలి రాష్ట్రాల్లో హోండా 1.5 టర్బోకి జరిగింది సరిగ్గా ఈ కథే. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మిన పెట్రోలులో కొంత, వేడెక్కని గోడల వెంట జారి కింద ఉన్న నూనెలో కలుస్తుంది. బండి బాగా వేడెక్కితే ఆవిరైపోయేదే. రెండు మైళ్లు వెళ్లి ఆగిపోయే బండిలో అలాగే మిగిలిపోతుంది. డిప్‌స్టిక్ తీస్తే నూనె మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొట్టేది. 2018లో చైనాలో కొత్త సీఆర్‌వీల అమ్మకం కొంతకాలం ఆగింది. అమెరికాలో 2016-18 సివిక్, 2017-18 సీఆర్‌వీల ఇంజన్ వారంటీని చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో ఐదేళ్ల నుంచి ఆరేళ్లకి పెంచారు, సాఫ్ట్‌వేర్ మార్చారు. అలాంటి బండి కోసం సీసా పాతిక డాలర్లదా నలభై డాలర్లదా అని వాదించుకునే ఇంట్లో డిప్‌స్టిక్ ఎటువైపుంటుందో తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. డాష్‌బోర్డు మీద ‘ఆయిల్ లైఫ్ 40 శాతం’ అని కనబడుతోంది కదా అంటారు. ఆ యంత్రం చాలా కార్లలో నూనెని ముట్టుకుని చూడదు. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడెక్కింది వగైరా లెక్కలు కట్టి చెబుతుంది.

వేదాంతుల పరంపర ఇప్పటిది కాదు. 1962లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే కారు తెచ్చింది. జనానికి అమ్మిన తొలి టర్బో కార్లలో అదొకటి. ఇంజన్ టకటకలాడకుండా అందులోకి మిథనాలు, నీళ్లు కలిసిన ఒక ద్రవం చిమ్మేవారు. దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని మహాదేవుడి పేరులాంటి పేరు పెట్టారు. అది అయిపోతే యజమాని మళ్లీ పోసుకోవాలి. యజమానులు పొయ్యలేదు. ద్రవం లేకపోతే టర్బో బలం తగ్గించేసే ఏర్పాటు ఉంది కాబట్టి కారు నీరసంగా నడిచేది. చివరికి చాలా కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు. 1963 తర్వాత ఆ కారే లేదు. టర్బో స్వామిని అమెరికాలో మొదట పడగొట్టింది తప్పుడు ద్రవం కాదు, అసలు పొయ్యని ద్రవం.

నాలుగోది మసాలా శాఖ. నూనె ఏదైనా సరే, పైన ఒక సీసా ‘ట్రీట్‌మెంట్’ పడాల్సిందే. వీళ్ల గ్రంథాలన్నీ అర్ధరాత్రి ప్రకటనలు. నూనె తీసేసినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, చేత్తో లివర్ నొక్కితే ఇనుము అరగకుండా నిలుస్తుంది, ఇలాంటి ప్రదర్శనలు. ఆ లివర్ యంత్రం గ్రీజుల పరీక్షలకి బంధువు, కారు ఇంజన్ లోపల జరిగేదానికి కాదు. ఈ శాఖ చరిత్ర ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫైళ్లలో భద్రంగా ఉంది. 1978లో ఎస్‌టీపీ కంపెనీ తన నూనె మసాలా గురించి చెప్పిన గొప్పలకి 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. టెఫ్లాన్ లాంటి పదార్థం కలిపిన స్లిక్ 50, బండి స్టార్టయ్యే క్షణాన ఇంజన్లకి రక్షణే ఉండదని భయపెట్టి అమ్మింది. కమిషన్ 1996లో ఫిర్యాదు పెట్టింది, 1997లో కంపెనీ రాజీకొచ్చి ఆ మాటలు మానుకుంది. డ్యూరా లూబ్ 2000లో 20 లక్షల డాలర్లకి రాజీపడింది. ప్రతి పదేళ్లకీ మసాలా పేరు మారుతుంది, కొనేవాళ్ల ముఖాల్లో వెలుగు మారదు. ఏపీఐ ముద్ర ఉన్న నూనెలో ఉండాల్సిన రసాయనాలు కొలిచి కలిపే ఉంటాయి. పైన ఇంకో సీసా పోస్తే ఆ కొలత చెడుతుంది, మీ పర్సు కొలత కూడా.

ఐదోది శరణాగతి శాఖ. “బయట నూనె మార్పిస్తే వారంటీ పోతుందట కదా” అని ఎవరో కౌంటరు దగ్గర అన్న మాట పట్టుకుని, వంద డాలర్లకి పైనే చెల్లించి వస్తారు. అమెరికాలో 1975 నుంచీ మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. నూనెని ఉచితంగా ఇస్తే తప్ప, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దగ్గర ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, మా బ్రాండు నూనే వాడాలి, మా దగ్గరే మార్పించాలి అని వారంటీకి షరతు పెట్టకూడదు. ఇంజన్ చెడిందంటే, మీరు పోసిన నూనె వల్లే చెడిందని వాళ్లు చూపించాలి. అందుకే మీ వంతుగా రెండు పనులు: మాన్యువల్ అడిగిన ప్రమాణం ఉన్న నూనె పోయడం, రసీదు దాచడం. హెచ్‌-1బీ కోసం పదేళ్ల నాటి పే స్టబ్బులు ఫోల్డర్లలో పెట్టుకున్న జాతికి రెండోది కష్టం కాకూడదు.

సీసా వెనక్కి తిప్పకపోతే ఏమవుతుందో అమెరికా కోర్టుల్లోనే తేలింది. డాలర్ జనరల్ దుకాణాల్లో సొంత పేరుతో అమ్మిన కొన్ని చవక నూనెల వెనక చిన్న అక్షరాల్లో ఒక నిజం రాసి ఉండేది: ఒక రకం 1988 తర్వాత తయారైన చాలా ఇంజన్లకి పనికిరాదు, ఇంకో రకం 1930 తర్వాతవాటికి పనికిరాదు. రెండువేల పదులలో, గాంధీగారు దండికి నడిచిన ఏడాది తర్వాత వచ్చిన కార్లకి పనికిరాని నూనె అమెరికా బజార్లో సొగసుగా నిలబడింది. ముందువైపు చూస్తే దానికేం లోటు లేదు. దేశం నలుమూలల నుంచీ దావాలు పడ్డాయి, మిస్సోరీ ఫెడరల్ కోర్టులో కలిశాయి, 2021లో రాజీతో ముగిశాయి. ఇది పేదవాడు మోసపోయిన కథ అని మనవాళ్లు జాలిపడతారు. నలభై డాలర్లు పెట్టి బంగారు రంగు సీసా కొని వెనక్కి తిప్పని పెద్దమనిషి కూడా అదే బెంచీలో కూర్చోవాల్సినవాడు. కొన్ని ఖరీదైన నూనెల వెనక ఏపీఐ ముద్ర ఉండదు, ‘ఫలానా ప్రమాణానికి సిఫారసు చేస్తున్నాం’ అన్న వాక్యం ఉంటుంది. సిఫారసు చేసింది ఎవరు? ఆ సీసా అమ్మినవాడే. లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఏపీఐ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఐరోపా కార్లకి ఇంకో నిక్కచ్చి లెక్కుంది: ఫోక్స్‌వ్యాగన్ 508 00 అంటే 508 00, అంతే. దాని పక్కన 504 00 పెట్టి “దగ్గర దగ్గరే కదా” అనడం ఆధార్ నంబర్లో ఒక అంకె మార్చి వేయడం లాంటిది కూడా కాదు, నేరుగా వేరొకరి నంబరు వేయడమే.

అయితే మాన్యువల్ని వేదం చేయమని నేను చెప్పడం లేదు. అది కూడా ప్రయోజనాలున్నవాళ్లు రాసిందే. అమెరికాలో కార్ల కంపెనీలకి ఇంధన పొదుపు నిబంధన ఉంది, 1975 నాటి చట్టంతో పుట్టి 1978 మోడల్ కార్లతో అమల్లోకి వచ్చింది. కంపెనీ అమ్మే బళ్లన్నిటి సగటు మైలేజీ మీద లెక్క. పల్చటి నూనె పోస్తే మైలేజీ కాస్త పెరుగుతుంది. ఒక్క కారులో అది కనబడీ కనబడనంత, లక్షల కార్లలో కంపెనీకి అది బంగారం. పైగా ప్రభుత్వ పరీక్షలో ఏ నూనె పోసి మైలేజీ చూపించారో, కొన్నవాళ్లకి కూడా అదే చెప్పాలి. ఫోర్డ్, హోండా 2001 మోడళ్ల నాటికే 5డబ్ల్యూ-20కి దిగడం, తర్వాత అందరూ 0డబ్ల్యూ-20కి చేరడం ఈ దారిలోనే. ఇంకో దేశంలో అదే ఇంజన్ మాన్యువల్‌లో మూడు నాలుగు చిక్కదనాలు వరసగా కనిపిస్తాయి, ఇక్కడ ఒకటే కనిపిస్తుంది. ప్రమాణాలు కూడా ఆకాశం నుంచి రాలిపడలేదు. 2010 నాటి ఇల్‌శాక్ జీఎఫ్-5లో టర్బో వేడికి నూనె ఎంత మసి కడుతుందో చూసే ఒక పరీక్ష ఉంది. అందులో 0డబ్ల్యూ-20కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. నూనె కంపెనీలు, కార్ల కంపెనీలు ఒక బల్ల చుట్టూ కూర్చుని బేరమాడుకుని రాసిన కాగితాలివి.

అయినా సరే, ఆ కాగితం మీద నేను పెట్టే నమ్మకం బర్త్‌డే పార్టీ మీద పెట్టను. బేరమాడుకుని రాసినా, చివర్లో ఒక ఇంజన్‌ని బల్లకి బిగించి, గంటల తరబడి నడిపి, విప్పి, అరిగిందెంత, మసి ఎంత అని కొలిచారు. కొలత తప్పయితే ఇంకో సంవత్సరం ఇంకొకడు కొలిచి తప్పని చూపించొచ్చు. ఎస్‌ఎన్ సరిపోలేదని ఎస్‌ఎన్ ప్లస్, అది సరిపోలేదని ఎస్‌పీ, తర్వాత ఎస్‌క్యూ వచ్చింది అలాగే. “మా బావమరిది రెండు లక్షల మైళ్లు నడిపాడు” అన్న వాక్యాన్ని ఎవరు తప్పని చూపిస్తారు? ఆయన వేరే నూనె పోసి ఉంటే మూడు లక్షలు నడిచేదేమో, అది ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆ వాక్యం బలం. అమ్మేవాడికి కావాల్సిందీ అదే. రెండక్షరాల ముద్ర ఉన్న నూనెలన్నీ ఒక గీత దాటినవే అని కొనేవాడికి తెలిసిపోతే, ఐదు క్వార్టుల సీసాకి ఇరవై అడిగేవాడికీ నలభై అడిగేవాడికీ మధ్య తేడాని సమర్థించడానికి రేసు కారు బొమ్మ తప్ప ఏం మిగలదు. అందుకే ప్రమాణాన్ని వెనక్కి నెట్టి, ముందువైపు విశ్వాసం అచ్చువేశారు. ఆ విశ్వాసాన్ని పైసా జీతం లేకుండా ఇంటింటికీ మోస్తున్న ప్రచారకులం మనం.

ఇంత చదివాక కూడా ఒకాయన ఫోన్ చేస్తాడని నాకు తెలుసు. “అంతా బాగానే రాశావు గానీ, ఇంతకీ ఏ బ్రాండు పొయ్యమంటావు?” అంటాడు. చెప్తున్నాను, రాసుకోండి. గ్లవ్ బాక్సు తెరిచి, ప్లాస్టిక్ కవరు చించి, మాన్యువల్‌లో చిక్కదనం అంకె, ప్రమాణం అక్షరాలు చూడండి. మీ బండి వెళ్లేది నిజంగా హైవేకా, కూమాన్‌కా అని ఇంట్లో అడిగి, పట్టికలో ఆ గడిలో ఉన్న మైళ్లకే మార్పించండి. రెండు వారాలకొకసారి డిప్‌స్టిక్ తియ్యండి. ఇక బ్రాండు సంగతి: ఆ అంకె, ఆ అక్షరాలు వెనక ఉన్న సీసాల్లో, ఆ వారం ఏది చవగ్గా ఉంటే అది.